ఇంటి తెర మీద హామిల్టన్



న్యూయార్క్ బ్రాడ్‌వేలో 2015 ఆగస్టులో ఒక సంగీత నాటకం మొదలైంది. పేరు ‘హామిల్టన్’. అమెరికా తొలి ఆర్థికమంత్రి అలెగ్జాండర్ హామిల్టన్ కథ అది. కథానాయకుడు రెండువందల ఏళ్ల కిందటి మనిషి. పాటలేమో ఇప్పటి కుర్రకారు పాడుకునే ర్యాప్. రాసినవాడు, బాణీలు కట్టినవాడు, ముఖ్యపాత్ర వేసినవాడు ఒక్కడే, లిన్ మాన్యుయెల్ మిరాండా. మరుసటి ఏడాది ఈ నాటకానికి పులిట్జర్ బహుమతి వచ్చింది. టోనీ అవార్డులకు 16 నామినేషన్లు దక్కాయి. అంతకుముందు ఏ నాటకానికీ అన్ని రాలేదు. అందులో 11 గెలిచింది. మేలైన సీట్లకు థియేటర్ వాళ్లే 849 డాలర్లు ధర పెట్టిన రోజులు వచ్చాయి. అంత పెట్టుకోలేని వాళ్ల కోసం లాటరీ తీసి కొన్ని సీట్లు పది డాలర్లకు ఇచ్చేవారు. పది డాలర్ల నోటు మీద ఉన్న బొమ్మ హామిల్టన్‌దే.

ఇలా కొద్దిమందికే అందిన నాటకం 2020 జూలై 3న ఇళ్లలోకి వచ్చింది. దాని చిత్రీకరణ హక్కులు డిస్నీ సంస్థ కొనుక్కుంది. ముందు 2021 అక్టోబరులో సినిమా హాళ్లలో విడుదల చేద్దామనుకున్నారు. ఇంతలో కరోనా వచ్చింది. 2020 మార్చి 12న బ్రాడ్‌వే థియేటర్లన్నీ మూతపడ్డాయి. సినిమా హాళ్లదీ అదే పరిస్థితి. దాంతో విడుదలను ఏడాదికి పైగా ముందుకు జరిపి, నేరుగా ఇంటి తెర మీదికే పంపించారు. న్యూయార్క్ మొహం చూడని వాళ్లం కూడా చూడగలిగాం.

నేను చూసింది ఇంట్లోనే. మొదట మొత్తంగా, తర్వాత ముక్కలుముక్కలుగా, కొన్ని ఘట్టాలు మళ్లీమళ్లీ. చూస్తున్నంతసేపూ ఒకటే ప్రశ్న నన్ను పట్టుకుంది. ఇంత పొగడ్త దీనికి తగునా? థియేటర్‌లో కూర్చున్న మనిషికి ఈ ప్రశ్న వేసుకునే వీలుండదు. చుట్టూ వెయ్యిమందికి పైగా లేచి నిలబడి చప్పట్లు కొడుతుంటే మనమూ లేస్తాం. అంత డబ్బు పోసి, అంత దూరం వెళ్లి, బాగాలేదని ఒప్పుకోవడానికి మనసు రాదు. ఇంట్లో ఆ మొహమాటాలేవీ లేవు. విసుగొస్తే ఆపేయొచ్చు. అనుమానం వస్తే వెనక్కి తిప్పి చూడొచ్చు. పక్కన చరిత్ర పుస్తకం తెరిచి పెట్టుకోవచ్చు. ఇంత స్వేచ్ఛ ఉండి కూడా మెచ్చుకున్నామంటే ఆ మెచ్చుకోలు పూర్తిగా మనది. అందుకని ఇంటి తెరను నేను నాటకానికి గట్టి పరీక్ష అనుకుంటాను. హామిల్టన్ ఆ పరీక్షలో చాలావరకు గొప్పగా నెగ్గింది. ఒకచోట మాత్రం తప్పింది. ఆ తప్పింది చిన్న విషయం కాదు.

ముందు చెవితో మొదలుపెడతాను. ఈ నాటకాన్ని లోకం కళ్లతో చూడకముందే చెవులతో విన్నది. బ్రాడ్‌వేలో మొదలైన నెలన్నరకే, 2015 సెప్టెంబరులో, పాటలన్నీ ఆల్బమ్‌గా వచ్చాయి. 46 పాటలు. వచనం దాదాపు లేని నాటకం కనుక ఆల్బమ్ వింటే కథంతా విన్నట్టే. టికెట్టు దొరకని లక్షలమంది, ముఖ్యంగా బడిపిల్లలు, అలా విని కంఠతా పట్టారు. మన తాతల తరంలో కూడా సరిగ్గా ఇలాగే జరిగింది. రాయబారం పద్యాలూ హరిశ్చంద్ర పద్యాలూ ఎందరికో గ్రామఫోను రికార్డుల నుంచీ, ఆ తర్వాత రేడియో నుంచీ వచ్చాయి. నాటకం ఆడిన ఊరికి పోలేని మనిషి కూడా చేలో పనిచేసుకుంటూ పద్యం ఎత్తుకునేవాడు. చెవికి నిలిచిన నాటకం సగం గెలిచినట్టే అని వాళ్లకు తెలుసు.

హామిల్టన్ చెవికి ఎందుకు నిలుస్తుందంటే, మిరాండా మాట మీద పెట్టిన శ్రమ అలాంటిది. ఇంగ్లీషు పద్యంలో ప్రాస సాధారణంగా పాదం చివర పడుతుంది. ర్యాప్‌లో అది పాదం మధ్యలో, మొదట్లో, రెండు మూడు అక్షరాల పొడుగునా, ఎక్కడ పడితే అక్కడ మొలుస్తుంది. యతికీ ప్రాసకీ అలవాటుపడ్డ మన చెవి దీన్ని వెంటనే పట్టుకుంటుంది. భాష సగమే అర్థమైనా, ఇక్కడేదో లెక్క కుదిరిందని తెలుస్తుంది. వేగం సంగతి చెప్పనక్కర్లేదు. ఫ్రెంచి సేనాని లఫాయెట్ పాత్రలో డవీడ్ డిగ్స్ ఒకచోట మూడు సెకన్లలో 19 మాటలు పలుకుతాడు. ఇంట్లో చూసేవాళ్లు తెర కింద ఇంగ్లీషు అక్షరాలు పెట్టుకుని చూడమని నా సలహా. 

వేగం కన్నా గొప్ప సంగతి ఇంకొకటి ఉంది. ప్రతి పాత్రకూ వేరే సంగీతం. హామిల్టన్‌ది ఊపిరాడనివ్వని ర్యాప్, ఎప్పుడూ ఏదో అంటుకుపోతున్నట్టు పాడతాడు. అతని ప్రత్యర్థి ఆరన్ బర్ నెమ్మది మనిషి, మనసులో మాట బయటపెట్టడు, అతని పాట నూనె మీద జారినట్టు సాగుతుంది. ఇంగ్లండు రాజు మూడో జార్జికి 1960ల నాటి బ్రిటిష్ పాప్ బాణీ ఇచ్చారు. అమెరికాను అలిగిపోయిన ప్రియురాలిగా ఊహించుకుని బుజ్జగిస్తూ బెదిరిస్తాడు. థామస్ జెఫర్సన్ రెండో అంకంలో గానీ రాడు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం ముగిశాక చాలా ఏళ్లు ఫ్రాన్స్‌లో రాయబారిగా ఉండి తిరిగొస్తాడు. అందుకే అతని నోట పాత జాజ్ పోకడ పెట్టారు. ఊళ్లో అందరూ ర్యాప్ పాడుకుంటుంటే ఇతనొక్కడూ వెనకటి కాలపు పాటతో దిగుతాడు. మనిషి స్వభావమూ కాలమూ బాణీలోనే తెలిసిపోతాయి. రాగాన్ని బట్టి ఘట్టాన్ని పోల్చుకునే పద్యనాటక ప్రేక్షకులకు ఈ పని విలువ ఇంకా బాగా తెలుస్తుంది.

ఇప్పుడు కళ్ల విషయం. 2016 జూన్ చివర్లో దర్శకుడు టామస్ కేల్ రెండు ప్రదర్శనలను ప్రేక్షకులు ఉండగానే చిత్రీకరించాడు. ఖాళీ థియేటర్‌లో కొన్ని పాటలను కెమెరాలు వేదిక ఎక్కించి మళ్లీ తీశాడు. సరిగ్గా సమయానికి తీశారు. జూలై 9న మిరాండా, బర్ పాత్రధారి లెస్లీ ఓడమ్ జూనియర్, హామిల్టన్ భార్య ఎలైజాగా వేసిన ఫిలిపా సూ, ముగ్గురూ నాటకం విడిచి వెళ్లిపోయారు. రాజు వేషం వేసిన జొనాథన్ గ్రాఫ్ అప్పటికే మానేశాడు, చిత్రీకరణ కోసం వెనక్కి పిలిపించారు. నాలుగు వారాలు ఆలస్యమైతే ఆ బృందం ఎలా ఆడిందో రేపటివాళ్లకు పాటలుగా తప్ప మిగిలేది కాదు.

కెమెరా ఇచ్చిన మేలు ముఖాల్లో ఉంది. వెనక వరసల్లో కూర్చున్నవాడికి నటుడి కళ్లు కనపడవు. ఇక్కడ రాజుగారు పాడుతుంటే నోటి తుంపర గడ్డం మీద జారడం కూడా కనపడుతుంది. కొంతమంది దాన్ని చూసి ముఖం చిట్లించారు. నాకు మాత్రం అది రంగస్థలం అసలు రంగు అనిపించింది. మూతి తుడుచుకోవడానికి ఆగని నటుడు, అధికారం తలకెక్కిన రాజు, ఇద్దరూ ఆ ఒక్క ముఖంలో ఉన్నారు. ఓడమ్ ముఖం మరో పాఠం. పక్కగదిలో ముగ్గురు పెద్దమనుషులు భోజనాల దగ్గర దేశ రాజధాని ఎక్కడుండాలో తేల్చేస్తారు. ఆ గదిలోకి పిలుపు రాని బర్ బయట నిలబడి పాడతాడు. అప్పటిదాకా మర్యాదగా ఉన్న ఆ ముఖంలో ఆకలి ఎలా మొలిచిందో కెమెరా అడుగు దూరం నుంచి చూపించింది. చరిత్రలో బర్‌ని హంతకుడిగా గుర్తుపెట్టుకున్నారు. ఈ నాటకం అతన్ని సూత్రధారిగా నిలబెట్టి, హామిల్టన్‌ని చంపినవాడి నోటితోనే హామిల్టన్ కథ చెప్పించింది. ఆ ధైర్యానికి నా మొదటి వందనం.

పెళ్లి విందులో ఏంజెలికా పాడే ఘట్టం గురించి కొంచెం నిలిచి చెప్పాలి. ఎలైజాకీ హామిల్టన్‌కీ పెళ్లి. పెళ్లికూతురి అక్క ఏంజెలికా, అంటే రెనే ఎలీస్ గోల్డ్స్‌బెరీ, అందరిముందూ నిలబడి చెల్లెలికి దీవెన చెబుతుంది. ఉన్నట్టుండి వేదిక మీద కాలం వెనక్కి నడుస్తుంది. నర్తకులు వెనకడుగులు వేస్తారు, గుండ్రని వేదిక ఎదురు తిరుగుతుంది, దీపాలు మారతాయి. మనం అంతకుముందు ఎలైజా కళ్లతో చూసిన రాత్రే మళ్లీ మొదలవుతుంది, ఈసారి అక్క కళ్లతో. హామిల్టన్‌ని ముందు చూసింది తను. మనసు పడింది తను. చెల్లెలి ముఖం చూసి అతన్ని చెల్లెలికి అప్పగించింది. అవే కదలికలు, అవే మాటలు, అర్థం మాత్రం వేరు. చివరికి మళ్లీ పెళ్లి విందులోకి వస్తాం. ఆమె గ్లాసు ఎత్తి నవ్వుతూ ఉంటుంది. ఆ నవ్వు వెనక ఏముందో ఆ గదిలో మనకొక్కరికే తెలుసు. నృత్యం కూర్చిన ఆండీ బ్లాంకెన్‌బ్యూలర్, ఒకదానిలో ఒకటిగా తిరిగే రెండు వేదికలు అమర్చిన డేవిడ్ కోరిన్స్, వాద్యాలు కూర్చిన అలెక్స్ లాకమోయిర్, అందరి పనీ ఆ ఏడు నిమిషాల లోపు పాటలో కలిసిపోయింది. ఆ ఒక్క ఘట్టం కోసమైనా ఈ నాటకాన్ని పొగడవచ్చు.

నిజ చరిత్రలో ఏంజెలికాకు అప్పటికే పెళ్లయిపోయింది. తండ్రికి కొడుకులు లేరని నాటకంలో ఆమె అంటుంది, నిజానికి ఉన్నారు. ఇలాంటి మార్పులను నేను తప్పుపట్టను. నాటకకర్తకు ఆ చనువు ఎప్పుడూ ఉంది.

పోయినవీ ఉన్నాయి. వేదిక మీద ఒకేసారి పదిమంది పది పనులు చేస్తుంటారు. ఎక్కడ చూడాలో థియేటర్‌లో మన ఇష్టం. ఇంట్లో ఎడిటర్ ఇష్టం. యుద్ధ ఘట్టాల్లో కెమెరా తరచూ మారిపోతుంటే వేదిక మొత్తం ఒక్కసారి చూపించమని అడగాలనిపించింది. అరియానా డిబోస్ అనే నర్తకి ఉంది. ఆమె చివరి ద్వంద్వయుద్ధంలో తుపాకీ గుండుగా కదులుతుంది. రెండు వేళ్ల మధ్య గుండును పట్టుకున్నట్టు చేయి చాచి, హామిల్టన్ వైపు మెల్లమెల్లగా వస్తుంది. కథలో ముందు కూడా చావు దగ్గరపడ్డ చోట్ల ఆమె కదలిక ఉంటుంది. తెర మీద అవి కొన్ని కనపడతాయి, కొన్ని కెమెరా చట్రం బయట ఉండిపోతాయి. మిరాండా గొంతు కూడా క్లోజప్‌లో దాక్కోలేదు. రాతలో అతనికి సాటి లేరు. గానంలో మాత్రం చుట్టూ ఉన్నవాళ్లందరూ అతన్ని మించినవాళ్లే. అయినా కొడుకు ఫిలిప్ ద్వంద్వయుద్ధంలో చనిపోయాక, తలనెరిసి, నిశ్శబ్దంగా భార్య పక్కన నిలబడ్డప్పుడు ఆ బలహీనమైన గొంతే సరైన గొంతు అనిపించింది.

పిల్లలు చూడడానికి వీలుగా మూడుచోట్ల ఉన్న ఒక బూతుమాటను రెండుచోట్ల వినపడకుండా చేశారు. అది తప్ప కోతలేం లేవు. పైగా ఆల్బమ్‌లో లేని చిన్న ఘట్టం ఒకటి, హామిల్టన్ స్నేహితుడు లారెన్స్ మరణవార్త, ఇక్కడ దొరుకుతుంది.

ఇక పాత్రధారుల సంగతి. వాషింగ్టన్, జెఫర్సన్, మాడిసన్, బర్, వీళ్లందరూ తెల్లవాళ్లు. వేదిక మీద వాళ్ల వేషాలు వేసినవాళ్లు నల్లజాతి నటులు. మిరాండా కుటుంబం పోర్టోరికో నుంచి వచ్చింది. ఫిలిపా సూ తండ్రివైపు చైనా మూలాలవారు. దీని మీద ఎంత చర్చ జరిగిందో చెప్పలేను. అయితే తెలుగు ప్రేక్షకుడికి ఇందులో వింతేమీ ఉండకూడదు. స్థానం నరసింహారావుగారు సత్యభామగా నడిచి వస్తుంటే, ఆయన మగవాడన్న సంగతి చూసేవాళ్లకు అడ్డు రాలేదు. ఒకే నాటకంలో ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు అంటూ ఇద్దరు ముగ్గురు నటులు ఒకే పాత్రను పంచుకుంటే మనం హాయిగా ఒప్పుకున్నాం. వేషం కట్టాక మనిషి పాత్రే. హామిల్టన్‌లో డిగ్స్ మొదటి అంకంలో లఫాయెట్, రెండో అంకంలో జెఫర్సన్. ఆంథొనీ రామోస్ మొదట స్నేహితుడు, తర్వాత కొడుకు. ఎవరూ తికమకపడరు. క్రిస్టఫర్ జాక్సన్ వాషింగ్టన్‌గా అధికారం వదిలి ఇంటికి వెళ్తానని పాడేటప్పుడు, ఇంతకన్నా వాషింగ్టన్ ఇంకెవరు అనిపిస్తుంది.

అయితే ఇక్కడే ఆగి, తెరను కూడా ఆపి ఆలోచించాలి. జాక్సన్ వేషం వేసిన ఆ వాషింగ్టన్ చనిపోయిన 1799 నాటికి అతని మౌంట్ వెర్నన్ కమతంలో 317 మంది బానిసలున్నారు. జెఫర్సన్ తన జీవితకాలంలో 600 మందికి పైగా మనుషులకు యజమాని. ఎలైజా పుట్టినిల్లు షూలర్ కుటుంబానికీ బానిసలున్నారు. హామిల్టన్ బానిసత్వం పోవాలని కోరే సంఘంలో సభ్యుడే. కానీ ఆల్బనీలో మ్యూజియంగా ఉన్న ఆ షూలర్ భవనం నుంచి 2020లో ఒక పరిశోధన వచ్చింది. అతని సొంత లెక్కల పుస్తకాలను బట్టి చూస్తే అతను కూడా మనుషులను కొన్నాడనీ కలిగి ఉన్నాడనీ అందులో వాదించారు. దాని మీద చరిత్రకారుల్లో వాదోపవాదాలు నడుస్తున్నాయి. వాదానికి తావు లేని సంగతి ఒకటుంది. ఇంత పెద్ద నాటకంలో, వేదిక నిండా నల్లజాతి నటులున్న నాటకంలో, మాట్లాడే బానిస పాత్ర ఒక్కటీ లేదు.

శాలీ హెమింగ్స్ అని జెఫర్సన్ బానిస, అతని బిడ్డలకు తల్లి. ఆమె పేరు ఒక్క పాటలో ఒక్క క్షణం వినిపిస్తుంది, ఉత్తరం తెరవమని చెప్పడానికి. హెర్క్యులిస్ మల్లిగన్ అనే దర్జీ గూఢచారిగా వేదిక అదరగొడతాడు. ఆ గూఢచర్యంలో వార్తలు మోసిన అతని బానిస కేటో నాటకంలో లేడు. బానిసత్వం మీద మంత్రివర్గంలో వాదన జరిగినట్టు మిరాండా ఒక పాట రాశాడు కూడా. రాసి, తీసేశాడు. తర్వాత 2016లో వేరే ఆల్బమ్‌లో నమూనా పాటగా విడుదల చేశాడు. అంటే ఈ లోటు అతనికి తెలియక జరిగింది కాదు. నవలాకారుడు ఇష్మాయెల్ రీడ్ ఈ విషయం మీద కోపంతో ఏకంగా 2019లో ఒక ఎదురు నాటకమే రాశాడు. హామిల్టన్ ఇళ్లకు వచ్చిన రోజుకు జార్జి ఫ్లాయిడ్‌ను పోలీసు మోకాలి కింద చంపి ఆరు వారాలు కూడా కాలేదు. అమెరికా వీధుల్లో విగ్రహాలు కూలుతున్నాయి. ఆ రోజుల్లో విమర్శలు మళ్లీ లేచినప్పుడు అవన్నీ సమంజసమైనవేనని మిరాండా ఒప్పుకున్నాడు. 

ఈ విషయం ఆలోచిస్తున్నప్పుడల్లా నాకు నిజామాబాద్ జిల్లా చిందు కళాకారిణి ఎల్లమ్మ గుర్తొస్తుంది. చిందు కళాకారులు మాదిగలను ఆశ్రయించి బతికే కళాకారులు. వాళ్లు కిరీటాలు పెట్టుకుని, రాజులుగా దేవతలుగా ఊరి నడుమ నిలబడి ఆడతారు. ఊళ్లో ఏ గడప దాటనివ్వని మనిషి ఆ రాత్రి సింహాసనం మీద కూర్చుంటాడు. బ్రాడ్‌వేలో నల్లజాతి నటుడు వాషింగ్టన్ కోటు తొడుక్కోవడంలో ఉన్న శక్తి ఇదే. కానీ చిందువాళ్ల దగ్గర ఇంకొకటి కూడా ఉంది. జాంబపురాణం. అందులో వాళ్లు పరాయి రాజుల కథ చెప్పరు. జాంబవంతుడి నుంచి తమ పుట్టుక చెబుతారు, తమను తక్కువ చేసిన బ్రాహ్మణుడితో వేదిక మీదే వాదిస్తారు. రాజు వేషం వేసే హక్కూ, తమ కథ తామే చెప్పుకునే హక్కూ రెండూ అక్కడున్నాయి. హామిల్టన్ మొదటిదాన్ని ఘనంగా ఇచ్చింది. రెండోదాన్ని ఇవ్వలేదు. కోట్ల డాలర్లు గడించిన నాటకం చేయలేని పని, కూలీనాలీ చేసుకునే చిందు బృందాలు తరతరాలుగా చేస్తున్నాయి.

వలస గురించి కూడా ఒక మాట. హామిల్టన్ కరీబియన్ దీవుల్లో పుట్టిన అనాథ. తుపాను మీద అతను రాసిన లేఖ చదివి ఊరివాళ్లు చందాలు పోగుచేసి అమెరికాకు పంపించారు. యార్క్‌టౌన్ యుద్ధం పాటలో వలసవచ్చిన వాళ్ల పనితనాన్ని పొగిడే చోట థియేటర్ దద్దరిల్లుతుంది. ఆ చప్పట్లు తగ్గేదాకా ఆగడానికి సంగీతంలో జాగా పెంచాల్సి వచ్చింది. అమెరికాలో ఉన్న మన పిల్లలకు ఆ చోట గుండె పొంగుతుంది, పొంగాలి కూడా. హామిల్టన్ చనిపోవడానికి కారణమైన ద్వంద్వయుద్ధం జరిగిన వీహాకెన్ న్యూజెర్సీలోనే ఉంది, మన తెలుగు కుటుంబాలు అంతగా స్థిరపడిన రాష్ట్రంలో. అయితే నాటకం చెప్పని సంగతి ఒకటి వాళ్లకు తెలిసుండాలి. జెఫర్సన్ అధ్యక్షుడయ్యాక పౌరసత్వ నిబంధనలను సడలించాలని ప్రతిపాదించాడు. 1801, 1802లలో పత్రికలో వ్యాసాలు రాసి దాన్ని వ్యతిరేకించినవాడు హామిల్టనే. గ్రీన్‌కార్డు కోసం ఏళ్లతరబడి ఎదురుచూస్తున్నవాళ్లు ఆ వ్యాసాల గురించి తెలుసుకున్నాక నాటకం చూస్తే, ఆ చప్పట్ల మధ్య కొంచెం ఆలోచన కూడా మొదలవుతుంది.

మరి పొగడ్తకు తగునా అంటే, తగును అనే చెబుతాను. మనస్ఫూర్తిగా చెబుతాను. చివరి ఘట్టం కారణంగా చెబుతాను. హామిల్టన్ 1804లో చనిపోయాడు. అక్కడితో కథ ముగించి ఉంటే ఇది ఒక పెద్దమనిషి జీవిత చరిత్ర అయ్యేది. మిరాండా వేదికను ఎలైజాకు అప్పగించాడు. ఆమె ఇంకో 50 ఏళ్లు బతికింది, 97 ఏళ్ల వయసులో 1854లో పోయింది. భర్త రాతలన్నీ పోగుచేయించింది. న్యూయార్క్‌లో అనాథ పిల్లలకు ఆశ్రమం పెట్టడంలో ముందు నిలిచింది. అంతకుముందు రెండో అంకంలోనే, భర్త పరస్త్రీతో నడిపిన సంబంధాన్ని స్వయంగా కరపత్రం అచ్చేయించి ఊరంతటికీ చెప్పుకున్నప్పుడు, అతని ఉత్తరాలన్నీ వేదిక మీదే కాల్చేస్తుంది. చరిత్రకు తన మనసు కనపడనివ్వనంటుంది. ఆ ఆడమనిషి చివరికి అతని చరిత్ర కాపాడే పని నెత్తిన వేసుకుంది. ఎవరు చస్తారు, ఎవరు మిగులుతారు, ఎవరి కథ ఎవరు చెబుతారు అన్న ప్రశ్న వేసిన నాటకానికి జవాబు ఆమె. ఫిలిపా సూ ముఖాన్ని ఆ చివరి క్షణంలో అంత దగ్గరగా చూపించినందుకు కెమెరాకు నేను రుణపడ్డాను. ఆ ఒక్కటి థియేటర్ వెనక వరసల వాళ్లకు దొరకలేదు.

అంతమంది గురించి అడిగిన అదే ప్రశ్నను మౌంట్ వెర్నన్‌లోని ఆ 317 మంది తరఫున కూడా అడిగి ఉంటే, నా పొగడ్తలో ఈ వెలితి ఉండేది కాదు. నాటకం తన కొలబద్ద తానే మనకిచ్చింది. దానితోనే దాన్ని కొలుస్తున్నాను.

ఇదంతా చూశాక నాకు మిగిలిన కోరిక వేరే ఉంది. బ్రాడ్‌వేలో ఒక బృందం విడిపోబోతోందని తెలిసి, మంచి కెమెరాలు పెట్టి, నాలుగు డబ్బులు ఖర్చుపెట్టి, దాన్ని పదిలం చేసుకున్నారు. మన సురభి నాటకం 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైంది. ఇన్ని తరాలుగా కుటుంబాలు కుటుంబాలుగా ఆడుతూనే ఉన్నారు. తెర మీద తెర లేచే ఆ మాయాబజార్‌ని, పాతాళభైరవిని, తీగల మీద మనుషులు ఎగిరి వచ్చే ఆ తంత్రాన్ని పది కెమెరాలతో, వేదిక పక్కలనుంచీ పైనుంచీ, తాళ్లు లాగే మనిషి చేతులతో సహా పూర్తిగా తీసి ఇంటింటికీ ఎందుకు పంపకూడదు? రాయబారం పద్యాలు పాడే పెద్దవాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు. జాంబపురాణం రాత్రంతా ఆడగల చిందు బృందాలు ఇంకా ఉన్నాయి. దూరంగా ఒక కెమెరా నిలబెట్టి తీసిన మసక వీడియోలు చాలవు. ముఖాలు కనపడాలి, హార్మోనియం వేళ్లు కనపడాలి, పద్యం అయ్యాక వన్స్‌మోర్ అని కేకలేసే జనం కూడా కనపడాలి. ప్రభుత్వ అకాడమీలూ, సినిమా తీసే సంస్థలూ, ఓటీటీలు నడిపే తెలుగువాళ్లూ తలుచుకుంటే ఇది అయ్యే పనే. ముందు సురభితో మొదలుపెట్టమని నా మనవి.